ఇసుకలో కిలోమీటరు: థార్ ఎడారి ఢాణీల్లో బడి ఎందుకు నిలబడదు

రాజస్థాన్‌లోని బార్మేర్ పట్టణం దాటి పాకిస్తాన్ సరిహద్దు వైపు వెళ్తుంటే ఊరు అనదగ్గది చాలాసేపు కనిపించదు. ఒక ఇసుక దిబ్బ పక్కన రెండు గుండ్రటి గుడిసెలు, చుట్టూ ముళ్లకంప, వాకిట్లో మూత వేసిన నీటి గుంత, నాలుగు మేకలు. ఇంకొంత దూరం పోతే మరో ఇల్లు. ఆ తర్వాత జమ్మి చెట్లు, ఇసుక తప్ప ఏమీ ఉండవు. ఇలాంటి ఇళ్ల గుంపును అక్కడ ఢాణీ అంటారు. ఒక ఢాణీలో రెండు ఇళ్లే ఉండొచ్చు, ఇరవై ఉండొచ్చు. దాని పేరు సాధారణంగా ఒక కుటుంబానిదో, కులానిదో అయి ఉంటుంది. ప్రభుత్వ రికార్డుల్లో మాత్రం ఇలాంటి ఢాణీలు ఎన్నో కలిసి ఒక రెవెన్యూ గ్రామం.

బడి కష్టాలన్నీ ఇక్కడే మొదలవుతాయి. చట్టం, బడ్జెట్టు, టీచర్ల కేటాయింపు అన్నీ గ్రామాన్ని చూసి రాసుకున్నవి. మనుషులు మాత్రం ఢాణీల్లో ఉంటారు.

ఇలా విడివిడిగా ఉండటం వెనుక బలమైన కారణం ఉంది. బార్మేర్ పక్కనున్న జైసల్మేర్ జిల్లాలో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. ఆ వానకు పండేవి సజ్జ, మోఠ్ పప్పు, నువ్వులు, గువార్. మనం కూర వండుకునే గోరుచిక్కుడే ఆ గువార్, అక్కడ గింజ కోసం వేస్తారు. ఎకరాకు వచ్చే పంట చాలా తక్కువ కాబట్టి ఒక కుటుంబం బతకాలంటే చాలా పెద్ద చెలక కావాలి. చెలక పెద్దదైతే దాని మధ్యలోనే ఇల్లు కట్టుకోవాలి, లేకపోతే పంటకూ పశువులకూ కాపలా ఉండదు. తాగునీటికి టాంకా ఉంటుంది. చుట్టూ నేలను చదును చేసి, వాన నీరంతా ఒక భూగర్భ గుంతలోకి జారేలా కట్టుకునే ఏర్పాటు అది. ఆ గుంత నిండితే ఒక కుటుంబానికి కొన్ని నెలలు నీళ్లు. పదిళ్లు ఒకచోట చేరితే ఆ నేలా చాలదు, నీరూ చాలదు. ఎడారిలో చెల్లాచెదురుగా ఉండటం వెనకబాటుతనం వల్ల వచ్చింది కాదు. తరాల అనుభవంతో కుదిరిన బతుకు పద్ధతి అది.

ఇప్పుడు బడి లెక్కకు వద్దాం. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని కేంద్ర నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు కిలోమీటరు నడక దూరంలో, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లలో బడి ఉండాలి. వినడానికి చాలా న్యాయంగా ఉంది. కానీ ఈ కిలోమీటరుకు ఎడారిలో ఏమవుతుందో చిన్న గుణకారంతో చూడొచ్చు.

2011 జనాభా లెక్కల్లో జైసల్మేర్ జిల్లా విస్తీర్ణం 38,401 చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు కేరళ అంత. జనాభా మాత్రం 6.7 లక్షలు. చదరపు కిలోమీటరుకు 17 మంది. బడిని మధ్యలో పెట్టి కిలోమీటరు వ్యాసార్థంతో వృత్తం గీస్తే సుమారు 3.14 చదరపు కిలోమీటర్లు వస్తుంది. అందులో ఉండే మనుషులు 53 మంది. ఎనిమిది మందిలో ఒకరు ప్రైమరీ వయసు పిల్లలనుకుంటే ఆ బడికి వచ్చేది ఆరేడుగురు. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జన సాంద్రత 308. అదే వృత్తంలో అక్కడ దాదాపు 970 మంది ఉంటారు. పిల్లల వాటా కాస్త తక్కువే అయినా ఎనభై, తొంభై మంది దొరుకుతారు.

జైసల్మేర్ సగటులో పట్టణాలూ, ఇందిరా గాంధీ కాలువ కింది సాగు భూములూ కలిసి ఉన్నాయి. వాటిని తీసేస్తే ఢాణీల వైపు ఆ ఆరేడుగురు కూడా ఉండరు.

లెక్కను తిరగేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఒక బడి నడవాలంటే కనీసం 30 మంది పిల్లలుండాలని ఎవరైనా అధికారి అనుకున్నాడనుకుందాం. జైసల్మేర్ సాంద్రతతో ఆ 30 మందిని పోగు చేయాలంటే 14 చదరపు కిలోమీటర్లు కావాలి. అంటే బడి చుట్టూ రెండు కిలోమీటర్ల పైచిలుకు వ్యాసార్థం. 60 మంది కావాలంటే మూడు కిలోమీటర్లు. కాబట్టి పిల్లల సంఖ్యను ఆధారం చేసుకుని పెట్టే ఏ గీత అయినా ఎడారిలో కిలోమీటరు నియమాన్ని దానంతటదే రద్దు చేస్తుంది. రెండూ ఒకే ఫైలులో ఉన్నా ఒకే నేల మీద ఉండలేవు. దీని వెనుక ఎవరి చెడు ఉద్దేశమూ ఉండనక్కర్లేదు. ఆ నియమం రాసేటప్పుడు ఎడారి ఎవరికీ గుర్తు రాకపోతే చాలు.

ఈ చిక్కును రాజస్థాన్ చాలా ముందే గుర్తించింది. దేశానికి పాఠం చెప్పగల ప్రయోగాలూ అక్కడే జరిగాయి. 1987లో స్వీడన్ అభివృద్ధి సంస్థ సీడా సాయంతో శిక్షా కర్మీ ప్రాజెక్టు మొదలైంది. దాని మూలం అజ్మేర్ జిల్లా తిలోనియాలోని సోషల్ వర్క్ అండ్ రీసెర్చ్ సెంటర్ అంతకుముందు చేసి చూసిన పని. మారుమూల బడికి పట్టణం నుంచి వేసిన టీచరు రాడు, వచ్చినా ఉండడు. బడి తలుపులు మూసే ఉంటాయి. అలాంటప్పుడు ఆ ఊళ్లోనే ఎనిమిదో తరగతి చదివిన యువకుణ్ణి, ఐదో తరగతి చదివిన యువతిని ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, ఆ శిక్షణను ఏటా కొనసాగిస్తే ఏమవుతుంది? ఆ ప్రశ్నకు జవాబు వెతికిందే శిక్షా కర్మీ. పగలు పశువుల వెంట వెళ్లే పిల్లల కోసం ప్రహర్ పాఠశాలలు పెట్టారు. అవి పిల్లలకు తీరిక దొరికే వేళలో నడిచేవి. అమ్మాయిల కోసం ఇళ్ల వాకిళ్లలో ఆంగన్ పాఠశాలలు వచ్చాయి.

ఆ ప్రాజెక్టులో బహుశా అన్నిటికంటే తెలివైన ఏర్పాటు మహిళా సహయోగి. దూరపు ఢాణీల నుంచి ఆడపిల్లలను బడికి వెంటబెట్టుకుని తీసుకొచ్చి, మళ్లీ ఇంటి దగ్గర దింపే స్థానిక మహిళ ఆమె. బడి ఎంత దూరమన్నది కిలోమీటర్ల లెక్క. ఆ దూరాన్ని చూసి తల్లి భయపడుతుందా లేదా అన్నది వేరే లెక్క. ఆ రెండో లెక్కకు కూడా జీతం ఇచ్చి మనిషిని పెట్టిన పథకాలు మన దేశంలో చాలా తక్కువ.

1992లో లోక్ జుంబిష్ వచ్చింది. ప్రజల ఉద్యమం అని ఆ పేరుకు అర్థం. విద్యా శాఖలో పెద్ద పేరున్న ఐఏఎస్ అధికారి అనిల్ బోర్డియా దీన్ని నడిపించారు. ఇందులో మొదటి పని బడి కట్టడం కాదు, పటం గీయడం. ఊరి వాళ్లే కూర్చుని ప్రతి ఇల్లూ గుర్తించి, ఏ ఇంట్లో బడికి వెళ్లే పిల్లలున్నారు, ఏ ఇంట్లో వెళ్లని పిల్లలున్నారు అని గుర్తులు పెట్టేవాళ్లు. ఆ పటం పూర్తయ్యాక బడి ఎక్కడ అవసరమో విడిగా చర్చించాల్సిన పని ఉండేది కాదు, కంటికే కనిపించేది. ఢాణీ అనేది ప్రభుత్వ కాగితంలో ఒక ఇంటి గుర్తుగానైనా అలా ఎక్కింది.

ఆ తర్వాత 1998 మే నెలలో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగాయి. వాటికి నిరసనగా స్వీడన్ భారత్‌కు ఇచ్చే సాయాన్ని ఆపేసింది. లోక్ జుంబిష్‌కు వచ్చే డబ్బులో పెద్ద వాటా స్వీడన్‌దే. పోఖ్రాన్ జైసల్మేర్ జిల్లాలోనే ఉంది. ఏ ఎడారి పిల్లల బడి కోసం ఆ డబ్బు వస్తోందో, ఆ ఎడారి నేల కింద జరిగిన పేలుడుతోనే అది ఆగిపోయింది. తర్వాత బ్రిటన్ సాయంతో పథకం మరికొన్నేళ్లు నడిచింది కానీ, అప్పటికే దాని ఊపు తగ్గింది. 1999లో రాష్ట్ర ప్రభుత్వం రాజీవ్ గాంధీ స్వర్ణ జయంతి పాఠశాలల పేరుతో, కిలోమీటరు లోపు బడి లేని చోట్ల వేల సంఖ్యలో చిన్న బడులు తెరిచింది. పారా టీచర్లను, అంటే రెగ్యులర్ కాని స్థానిక టీచర్లను పెట్టింది. చాలా ఢాణీలకు మొదటి బడి అదే.

ఈ స్థానిక టీచర్ల పద్ధతిని మెచ్చుకోవడంతో ఆగిపోతే నిజాయితీ అనిపించుకోదు. వాళ్లకు ఇచ్చిన జీతం రెగ్యులర్ టీచరు జీతంలో చిన్న ముక్క. చదువు తక్కువ, ఉద్యోగ భద్రత లేదు. పట్టణపు పిల్లలకు శిక్షణ పొందిన టీచరు, ఎడారి పిల్లలకు ఐదో తరగతి చదివిన టీచరు ఏమిటన్న విమర్శ న్యాయమైనదే. విద్యా హక్కు చట్టం అర్హత ఉన్న టీచరే ఉండాలని పట్టుబట్టింది. ఆ పట్టుదల మంచిదే. అయితే స్థానిక టీచరు స్థానంలో అర్హత ఉన్న టీచరు నిజంగా వచ్చి కూర్చున్నాడా అన్నదే ప్రశ్న.

బార్మేర్, జైసల్మేర్ బడుల్లో చాలా మంది టీచర్లు అల్వర్, ఝుంఝునూ, సీకర్, దౌసా లాంటి తూర్పు జిల్లాల వాళ్లు. రాష్ట్ర స్థాయి నియామకాల్లో సెలెక్ట్ అయి, ఖాళీలు ఎక్కువగా ఉన్న ఎడారి జిల్లాలకు వస్తారు. అక్కడి నుంచి బదిలీలు ఇస్తే బడులు ఖాళీ అయిపోతాయని ప్రభుత్వం కొన్ని జిల్లాలను నిషేధిత జిల్లాలుగా పెట్టింది. టీచర్ల మాటల్లో అవే డార్క్ జోన్ జిల్లాలు. సొంతూరికి ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో, తాగడానికి ట్యాంకరు నీళ్లు తప్ప దిక్కులేని చోట, ఎప్పుడు తిరిగి వెళ్తామో తెలియకుండా ఉద్యోగం చేసే మనిషి టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఐదు తరగతులకూ ఆయనొక్కడే టీచరు అయినప్పుడు, ఆయన సెలవు పెట్టిన రోజు బడికి కూడా సెలవే. మధ్యాహ్న భోజనం సరుకులు, ఓటర్ల జాబితా, మీటింగులు, ఆన్‌లైన్‌లో నింపాల్సిన వివరాలు అన్నీ ఆ ఒక్క మనిషి మీదే.

ఆ టీచరు బడిలో మాట్లాడేది హిందీ. పుస్తకమూ హిందీయే. ఇంట్లో పిల్లలు మాట్లాడేది మార్వాడీ, సరిహద్దు వైపు అయితే ధాట్కీ. హిందీ రాజస్థాన్ మాతృభాషే కదా అని బయటివాళ్లకు అనిపిస్తుంది. ఆరేళ్ల పిల్లకు అలా కాదు. హిందీలో బచ్చా అంటే మార్వాడీలో టాబర్. కహాఁ అంటే కఠై. పుస్తకంలో మొదటి పేజీల్లో కనిపించే బక్రీ ఆ పిల్ల రోజూ మేపే మేకే, కానీ ఇంట్లో దాని పేరు ఛాళీ. రాజస్థానీ భాషను రాజ్యాంగంలో గుర్తింపు పొందిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చాలని రాష్ట్ర అసెంబ్లీ 2003లోనే తీర్మానం చేసింది. ఇప్పటికీ చేర్చలేదు. స్థానిక టీచరు ఉన్న రోజుల్లో ఈ సమస్య పెద్దగా కనిపించలేదు, ఎందుకంటే ఆ మనిషి పాఠాన్ని పిల్లల మాటల్లోనే చెప్పేవాడు.

2014లో రాజస్థాన్ ప్రభుత్వం బడుల విలీనం మొదలుపెట్టింది. సుమారు 17 వేల బడులను దగ్గర్లోని పెద్ద బడుల్లో కలపాలని నిర్ణయించింది. వ్యతిరేకత వచ్చాక కొన్నిటిని వెనక్కి తీసుకుంది. ప్రతి గ్రామ పంచాయతీకీ ఒకటి నుంచి పన్నెండో తరగతి వరకు ఉండే ఒక ఆదర్శ్ విద్యాలయం ఉండాలన్నది అప్పటి ఆలోచన. 2025 జనవరిలో మళ్లీ సుమారు 450 బడులను పిల్లలు లేరనో, తక్కువున్నారనో విలీనం చేశారు.

విలీనం అన్నిచోట్లా తప్పని చెప్పలేం. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సబ్జెక్టు టీచరు, ల్యాబు, ప్లేగ్రౌండు కావాలి. పదిమంది పిల్లలున్న బడిలో అవి రావు. పెద్ద పిల్లల విషయంలో ఆదర్శ్ బడులు మేలు చేశాయనే చెప్పాలి. నష్టమంతా చిన్న పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు. పంచాయతీ కేంద్రం ఢాణీ నుంచి నాలుగైదు కిలోమీటర్లుంటే పదిహేనేళ్ల అబ్బాయి ఎలాగోలా వెళ్తాడు. ఆరేళ్ల పిల్ల వెళ్లలేదు.

కిలోమీటరు అన్న మాటను కూడా ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. మెత్తటి ఇసుక మీద నడవడానికి గట్టి నేల మీద కంటే రెట్టింపుకు పైగా శక్తి ఖర్చవుతుందని ప్రయోగాల్లో తేలింది. నియమంలోని కిలోమీటరు తారు రోడ్డుకూ ఇసుక దిబ్బకూ ఒకటే. పిల్లల కాళ్లకు ఒకటి కాదు. ఏప్రిల్ నుంచి ఎండ ముదురుతుంది. దేశంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 51 డిగ్రీలు. 2016 మే 19న జైసల్మేర్ పక్కనున్న ఫలోదీలో అది నమోదైంది. ఎండాకాలంలో బడిని పొద్దున్నే పెడతారు కానీ, మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్లలు నడవాల్సింది కాలే ఇసుకలోనే. ఆంధీ అనే దుమ్ము తుఫాను వస్తే నిన్నటి దారి ఇవాళ ఇసుక కింద ఉంటుంది.

సాయం చేసే పథకాలు లేవా అంటే ఉన్నాయి. తొమ్మిదో తరగతి అమ్మాయిలకు ఉచితంగా సైకిల్ ఇస్తారు. మైదాన జిల్లాల్లో అది ఎంతో మందిని బడిలో నిలిపింది. ఇసుక దారిలో మాత్రం దాన్ని తొక్కడం కంటే తోసుకుంటూ నడవడమే ఎక్కువ. దూరం నుంచి వచ్చే పిల్లలకు రోజుకు పదో ఇరవయ్యో రూపాయల ట్రాన్స్‌పోర్ట్ వోచరు కూడా ఉంది. కానీ ఢాణీ నుంచి బడికి వెళ్లే ఆటోయే లేనప్పుడు ఆ వోచరుతో టికెట్ ఎక్కడ కొంటారు?

2011లో జైసల్మేర్ జిల్లాలో మహిళల అక్షరాస్యత 39.71 శాతం, బార్మేర్‌లో 40.63 శాతం. దీన్ని తల్లిదండ్రుల ఆలోచన వెనకబడి ఉందనే ఒక్క మాటతో కొట్టేయడం చాలా మందికి అలవాటు. బాల్య వివాహాలు, ఆడపిల్ల మీద ఉండే కట్టుబాట్లు నిజమే. వాటిని దాచాల్సిన అవసరం లేదు. అయితే ఇంట్లో నీళ్లు మోసేది, మేకలు కాసేది, చిన్న తమ్ముణ్ణి చూసుకునేది కూడా ఆ పిల్లే. బడి పక్కనే ఉంటే ఈ పనులు చేసుకుంటూ కూడా నాలుగు గంటలు బడిలో కూర్చోగలదు. బడి నాలుగు కిలోమీటర్లు దూరమైతే రోజంతా బడికే పోతుంది. అప్పుడు ఇల్లు ఆ పిల్లను వదులుకోలేదు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఆరో తరగతి నుంచి హాస్టల్‌తో ఈ ముడిని కొంత విప్పాయి. కానీ అక్కడికి చేరాలంటే ముందు ఐదో తరగతి పూర్తి కావాలి.

ఎడారి బడి అనగానే ఈ మధ్య అందరికీ గుర్తొచ్చేది జైసల్మేర్ దగ్గర కనోయీలోని రాజకుమారి రత్నావతి బాలికల పాఠశాల. అమెరికా ఆర్కిటెక్ట్ డయానా కెలాగ్ డిజైన్ చేసిన గుడ్డు ఆకారపు కట్టడం, స్థానిక పసుపు ఇసుకరాయి, ఏసీ లేకుండానే చల్లగా ఉండే గదులు, 400 మంది అమ్మాయిలకు చోటు. 2021 నుంచి దాని ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఎడారి పిల్లలకు కూడా అందమైన బడి కావాలని ఎవరో అనుకోవడం ఎంతో మంచి విషయం. అయితే జైసల్మేర్ లెక్కలో 400 మంది పిల్లలంటే ఎంత మేర నుంచి రావాలో పై గుణకారమే చెబుతుంది. అలాంటి కట్టడం ఒక చోట సాధ్యం. మిగతా ఢాణీలకు కావలసింది ఒక గది, ఒక టాంకా, రోజూ వచ్చే ఒక మనిషి.

తెలుగు నేలకు ఇది దూరపు కథ అనిపించొచ్చు. కేంద్ర విద్యా శాఖ ఏటా బడుల వివరాలు సేకరించే యూడైస్ 2024-25 లెక్కల ప్రకారం ఒకే టీచరు ఉన్న బడులు దేశంలో అందరికంటే ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే: 12,912. రాజస్థాన్‌లో 6,117, తెలంగాణలో 5,001. ఆంధ్రాలో 2022లో జీవో 117 మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు ఊళ్లలో తల్లులు అడిగిందీ ఇదే: చిన్నపిల్లలు రోడ్డు దాటి అంత దూరం ఎలా వెళ్తారు? 2025లో ఆ జీవోను పక్కన పెట్టారు. మన్యంలోని గూడేలు, తెలంగాణ తండాలు కూడా ఢాణీల్లాంటివే. మధ్యలో ఇసుకకు బదులు కొండ, వాగు.

ఒక విషయంలో మాత్రం ప్రభుత్వం ఢాణీని ఢాణీగానే గుర్తించింది. అది నీళ్లు. బార్మేర్‌లో ఉపాధి హామీ పథకం కింద ఇంటింటికీ టాంకాలు కట్టించారు. పంచాయతీ కేంద్రంలో ఒక పెద్ద టాంకా కట్టి, అందరూ అక్కడికే వచ్చి తాగండి అని ఎవరూ అనలేదు, ఎందుకంటే అది కుదరదని అందరికీ తెలుసు. బడి విషయంలో కూడా అదే తర్కాన్ని చిన్న తరగతుల వరకైనా ఒప్పుకోవచ్చు. ఒకటి, రెండు తరగతులు ఢాణీల మధ్య, పిల్లలు పదిమందే ఉన్నా. మూడు నుంచి ఐదు వరకు కాస్త దూరంలో. ఆ పైన పంచాయతీ బడి, దానికో హాస్టల్. చిన్న బడికి ఆ ప్రాంతపు భాష వచ్చిన, శిక్షణ పొందిన, పూర్తి జీతం ఉన్న టీచరు. శిక్షా కర్మీలో జరిగిన పొరపాటు స్థానికుల్ని తీసుకోవడం కాదు, వాళ్లను తక్కువ జీతానికి తీసుకోవడం. ఇప్పుడు ఆ జిల్లాల్లోనే బీఈడీ, డీఎల్ఈడీ చేసిన యువత ఉంది. జిల్లా స్థాయిలో నియామకాలు చేసి, మార్వాడీ, ధాట్కీ వచ్చిన వాళ్లకు వెయిటేజీ ఇస్తే డార్క్ జోన్ సమస్య కూడా చాలావరకు తగ్గుతుంది.

బడి ఉండాలా వద్దా అని తేల్చే ఫారంలో ఇప్పుడు మొదటి గడి పిల్లల సంఖ్య. దాని పక్కనే ఇంకో గడి చేర్చాలి: ఈ బడి మూస్తే దూరపు ఇంట్లోని ఆరేళ్ల పిల్ల ఏ దారిన, ఎవరి తోడుతో, ఎంతసేపు నడవాలి. ఇసుక దారులకు దూరాన్ని నిమిషాల్లో రాయాలి. ఈ తనిఖీ ఏ నెలలో చేస్తున్నారన్నది కూడా చూడాలి. సెప్టెంబరు చివర, అక్టోబరులో సజ్జ కోతకొస్తుంది, పిల్లలు చేలోనే ఉంటారు. ఆ వారంలో వెళ్లిన అధికారికి ఖాళీ బెంచీలే కనిపిస్తాయి.

బండ్లు తిరగని దారులకు ఇస్తున్న వోచరు డబ్బును పిల్లలను వెంటబెట్టుకు నడిచే మనిషికి ఇచ్చేలా నిబంధన మార్చడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఒక ఢాణీ నుంచి పదిమంది పిల్లల వోచర్లు కలిపితే ఒక మహిళా సహయోగికి నెలకు రెండు మూడు వేలు వస్తాయి. మిగతాది పంచాయతీ కలిపితే ఆ ఉద్యోగం మళ్లీ నిలబడుతుంది.